అమెరికా సీటుకు పుత్తూరు కట్టు

నేను ఎనిమిదో తరగతిని క్షుణ్ణంగా చదివినవాణ్ణి. ఒక్క ఏడాదిలో ముగించేయాలన్న తొందర నాకు లేకపోయింది, మూడేళ్ళు చదివాను. మూడో ఏడు చివర్లో హెడ్మాస్టరు పిలిచి, ఇంకో ఏడు ఇక్కడే ఉంటే నన్ను కూడా బెంచీలతోపాటు బడి సామాన్ల కింద లెక్క కట్టాల్సి వస్తుందన్నాడు. ఆ మర్యాద నాకొద్దనుకుని బయటికి వచ్చేశాను.

అలాంటి నేను పోయిన చలికాలంలో ఒక అమెరికా కాలేజీ ఇంటర్వ్యూ కోసం తిరుపతికి పెద్దమనిషి హోదాలో వెళ్ళి వచ్చాను. ఇంటర్వ్యూ నాకు కాదు లెండి, మా అక్క కూతురు వనజకి. తిరుపతికి వెళ్ళనివాళ్ళు మీలో ఎవరూ ఉండరు. కానీ ఈ పని మీద వెళ్ళినవాళ్ళు కూడా ఎవరూ ఉండరనే ధైర్యంతో రాస్తున్నాను.

బంగారుపాళ్యం: గంప కట్టడం

మాది బంగారుపాళ్యం. ఎండాకాలం మామిడికాయలకు, చలికాలం బెల్లానికి బేరాలు కుదర్చడం నా పని. బావ చెరకు వేసి గానుగ ఆడిస్తాడు. వనజ చిత్తూరులో బీఎస్సీ మొదటి ఏడు. ఊళ్ళో దానికి ఒకటే పేరు: ప్రశ్నల పిల్ల. అన్నం ముందు కూర్చుని అన్నం ఎందుకు తెల్లగా ఉందని అడిగే రకం.

మా దగ్గర్లోని మిషన్ ఆసుపత్రి లైబ్రరీలో ఏదో పాత పుస్తకంలో చూసి తనంతట తనే ఆ కాలేజీకి రాసుకుంది, తనే పరీక్షలు రాసింది. విషయం ఇంట్లో తెలిసేటప్పటికి ఆ కాలేజీవాళ్ళు సగం ఒప్పుకున్నారు కూడా. ఆ కాలేజీ చిన్నదట. డాక్టరు చదువు కాదు, ఇంజనీరు చదువు కాదు. నక్షత్రాలు, కవిత్వం, లెక్కలు, మట్టి, అన్నీ చెప్తారట, నాలుగేళ్ళు. దాన్ని లిబరల్ ఆర్ట్స్ అంటారని వనజ చెప్పింది. అన్నీ చెప్పి ఏ ఉద్యోగమూ చెప్పని చదువుకి సముద్రాలు దాటడం ఎందుకో మా అక్కకి అర్థం కాలేదు. నాకైతే అర్థమైనట్టు తలూపడం బాగా వచ్చు, ఎనిమిదిలో మూడేళ్ళ అభ్యాసం.

సీటు దొరికే అవకాశం ఎంత అని అడిగాను. అడిగేవాళ్ళు వేలట, తీసుకునేది వందలట. అందులో మనలాంటి బయటి దేశాలవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఖర్చంతా కాలేజీయే పెట్టుకుని తీసుకునేది ఆ వేళ్ళలో ఒకటో రెండో. ఖర్చు వాళ్ళు పెట్టుకోకపోతే మా బావ గానుగని, ఎద్దుల్ని, నన్ను కలిపి అమ్మినా విమానం మెట్ల దాకా కూడా చాలదు. అంచేత ఆ ఒకటో రెండో వేలు వనజ కావాలి.

దీనికి చివరి మెట్టు ఇంటర్వ్యూ. ఆ కాలేజీలో ఎప్పుడో చదివిన వరదరాజన్ గారని మద్రాసు పెద్దమనిషి ఉన్నారు. ఆయన అమ్మాయిని చూసి మాట్లాడి, ఎలాంటి పిల్లో ఆ వారంలో రాసి పంపాలి. మొక్కు తీర్చుకోవడానికి భార్యతో తిరుపతి వస్తున్నాననీ, మద్రాసు దాకా రానక్కర్లేదు, అక్కడే లాడ్జిలో కలవమనీ కబురు పెట్టారు. బావ గానుగ పొయ్యి వదిలి కదల్లేడు. అలా నేను పెద్దమనిషినయ్యాను.

నాకు బేరం అర్థమైంది. మండీకి వెయ్యి బండ్లు వస్తే కొనేది ఒక్క బండి. అప్పుడు ఏం చేయాలి? పైన మెరిసే సరుకు కనబడాలి. వెంటనే ఆ పెద్దమనిషికి కానుకగా బెల్లం గంప కట్టాను. అడుగున బావ ఇంట్లోకని వండుకునే నల్ల ఉండలు, గడ్డి, పైన బంగారంలా మెరిసే మండీ ఉండలు. మా అక్క తన పద్ధతిలో వనజని కట్టింది: పట్టుచీర, కనకాంబరాలు, తల వంచుకోమని ఆజ్ఞ. పెద్దవాళ్ళు ఏమడిగినా ఎదురు మాట్లాడకు, మామ చెప్తాడులే అంది. ఒక పెద్దాయన కూర్చుని ఆడపిల్లని చూసి నాలుగు ప్రశ్నలు అడిగే సందర్భం మా ఇళ్ళలో ఒక్కటే ఉంది. మేం దానికే తయారయ్యాం.

చిత్తూరు: డాక్టరా, ఇంజనీరా

దారిలో మామిడితోటలన్నీ పూత మీదున్నాయి. బస్సు కిటికీ తెరిస్తే వాసన ముక్కులోకి కాదు, కడుపులోకి పోతుంది. చిత్తూరులో బస్సు మారాలి. బస్టాండు పక్క హోటల్లో దోసె తిన్నాం. చట్నీకి మాత్రం చేయి బిగించేశారు. మా ఊళ్ళో చట్నీ అడిగితే గిన్నె పెట్టి పోతారు, ఇక్కడ గరిటెతో చూపించి తీసుకుపోతారు. పేరుకి జిల్లా ముఖ్యపట్టణం. వనజ ఇంటినుంచి తెచ్చిన ఊరుబిండి, అదే వేరుశనగ పచ్చడి, పొట్లం విప్పితే పక్క బల్లవాళ్ళు కూడా దోసె పట్టుకుని ఇటు జరిగారు.

తిరుపతి బస్సులో మా పక్కన ఒక అవ్వ కూర్చుంది. ఒళ్ళో కోడి. మా వైపు ఒక అలవాటుంది, బస్సెక్కినవాడి వంశం తెలియకుండా టిక్కెట్టు కొననివ్వరు. ఈ పిల్ల నీకేమవుతుందని అడిగింది. మేనకోడలన్నాను. అయితే చేసుకుంటావా అంది. మా సీమలో ఇది సహజమైన ప్రశ్నే. నాకొక పెండ్లాం ఉండాది అవ్వా, దాన్ని మోసేదానికే భుజాలు సాల్లా అన్నాను. పెండ్లి కాకపోతే పట్టుచీరెందుకు అంటే అమెరికా చదువు సంగతి చెప్పాల్సి వచ్చింది.

"డాక్టరు సదువా?"

"కాదవ్వా."

"ఇంజనీరా?"

"కాదు."

"మరి ఏం సదువుతాదప్పా?"

"అన్నీ" అంది వనజ, తల వంచుకునే.

అవ్వ చాలాసేపు ఆలోచించింది. కోడి కూడా ఆలోచించినట్టే ఉంది. "అన్నీ తెలిసినోడు మావూళ్ళో ఒకడుండాడు. వానికి ఇంతవరకూ ఎవురూ పిల్లనియ్యల్యా" అని తేల్చింది.

పాకాల దాటేలోపు బస్సంతా ఈ చర్చలో పడింది. కండక్టరు ఒక్కడే మా పక్షం. అన్నీ చదివినవాడు కనీసం చిల్లర సరిగ్గా ఇస్తాడు కదా అన్నాడు.

తిరుపతి: గుండ్ల మధ్య ఉంగరాల జుట్టు

ఆ రాత్రి సత్రంలో పడుకున్నాం. మా ఊళ్ళో మనిషి ఎదురైతే తిన్నావా అని అడుగుతారు, తిరుపతిలో దర్శనం అయ్యిందా అని అడుగుతారు. కాలేదంటే జాలిగా చూస్తారు. తిన్నామా లేదా అనేది ఎవరికీ పట్టదు. కాఫీ మాత్రం బాగుంది, ముప్పావలా తీసుకున్నా ఆ నురగ ఒక్కటే అంత ఖరీదు చేస్తుంది.

పొద్దున్నే తయారై లాడ్జికి వెళ్ళాం. వరదరాజన్ గారిని ఎలా గుర్తుపట్టాలో ముందే తెలుసుకున్నాను: పొడుగు మనిషి, తెల్లటి ఉంగరాల జుట్టు. లాడ్జి వరండాలో పాతికమంది మగవాళ్ళు కూర్చున్నారు. పాతికా గుండ్లే. చందనం పూసి, ఎండలో ఆరేసిన తాటిముంజల్లా ఉన్నారు. కొండ మీదికి మొక్కుకి వెళ్ళిన మనిషిని తిరుపతిలో జుట్టుతో వెతికిన మొదటి తెలివైనవాణ్ణి నేనే అయ్యుంటాను. ఆఖరికి ఒక గుండాయన్ని పట్టుకుని, సార్, మద్రాసునుంచి ఉంగరాల జుట్టాయన ఒకరు వచ్చారు, పిల్లని చూడ్డానికి, మీకేమైనా తెలుసా అని అడిగాను. "జుట్టు స్వామివారి దగ్గర ఉంది. మిగతా నేను ఇక్కడే ఉన్నాను" అన్నారాయన.

ఆయనే. మొదటి మాటకే మనిషి మంచివాడనిపించింది. నా సంగతి మాత్రం ఆయనకి ఏమనిపించిందో నేను అడగలేదు.

అదే లాడ్జి, మేడ మీది గది: చూపులు

గదిలో ఆయన భార్య కమలమ్మ గారు స్టీలు గ్లాసుల్లో కాఫీ పోశారు. నేను గంపని గుమ్మానికి అడ్డంగా, లోపలివాళ్ళ చూపు దాటిపోకుండా పెట్టాను. వనజ చాప మీద కూర్చుంది. ఆయన కుర్చీలో కూర్చుని, మీరూ ఉంటారా అన్నట్టు నా వైపు చూస్తే, నేను మంచమ్మీద కూర్చున్నాను.

ఆయన ఏ పుస్తకాలు చదువుతావమ్మా అని అడిగారు. ఏదిస్తే అది చదువుతుంది సార్, పేచీ పెట్టదు అన్నాను. ఇంట్లో ఏం చేస్తుంటావు అన్నారు. సంగటి బాగా కెలుకుతుంది, ఎదురు చెప్పదు అన్నాను. ఆయన కొంచెం ముందుకి వంగి, చదువుల గురించి నీ అభిప్రాయం ఏమిటి అని నెమ్మదిగా దాన్నే చూస్తూ అడిగారు.

"మా పిల్లకి అట్టాంటి అభిప్రాయాలేం ల్యావు సార్" అన్నాను గర్వంగా.

కమలమ్మ గారికి జాలేసి పాట వచ్చా అని అడిగారు. రాదని వనజ తల అడ్డంగా ఊపింది. ఆ గదిలో అంతవరకు అది ఇచ్చిన ఒకే ఒక్క జవాబు అదే. ఆయన రెండుసార్లు, అమ్మాయిని చెప్పనివ్వండి అన్నారు. నేను రెండుసార్లూ, చెప్పవే, సార్ అడుగుతుంటే చెప్పవే అని గదమాయించి, అది నోరు తెరిచేలోపు నేనే చెప్పేశాను.

ఆయన గడియారం చూసుకున్నారు. "చాలా శాంతమైన పిల్ల" అన్నారు. పెళ్ళిచూపుల్లో ఆ మాట పడితే లగ్నం పెట్టుకున్నట్టే. నేను మీసం దువ్వుకుంటుండగా ఆయన లేచి, ఊరికి వెళ్ళాక రాస్తానన్నారు.

ఊరికి వెళ్ళి రాస్తామంటే అర్థం ఏమిటో ఈ దేశంలో ఆడపిల్ల ఉన్న ఏ ఇంట్లోనూ వివరించక్కర్లేదు. నా మీసం మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. వనజ ముఖం చూశాను. ఏడవలేదు. పలక మీద రాసింది ఎవరో చెరిపేస్తే చూసినట్టు చూస్తోంది.

మమ్మల్ని సాగనంపడానికి ఆయన మర్యాదగా గుమ్మం దాకా వచ్చారు. గుమ్మంలో గంప ఉందని చెప్పాను కదా. చూపు దాటిపోకుండా పెట్టాననుకున్నాను గానీ ఆయన చూపు మా మీద ఉంది. ఆ పొడుగు మనిషి గంప తట్టుకుని, వరండాలోకి కుడిచేయి ఆనించి పడ్డారు. మణికట్టు దగ్గర వచ్చిన చప్పుడు చెరకు గడ విరిస్తే వచ్చేదే. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

గంప బోర్లాపడింది. ముందు బంగారు ఉండలు దొర్లాయి, వాటి వెనక గడ్డి, దాని వెనక నల్ల ఉండలు. వరండా నిండా నా వ్యాపార రహస్యం. ఆయన నేల మీదే కూర్చుని, చెయ్యి పట్టుకుని, బాధలో కూడా వాటిని చూశారు. "ఏమయ్యా, పైన ఒక రంగు, కింద ఒక రంగు?" అన్నారు.

నోరు తెరిచాను. పుట్టిన తర్వాత మొదటిసారి నా నోట్లోంచి ఏమీ రాలేదు. ఆ ఖాళీలోంచి వనజ మాట్లాడింది.

"పైనవి తెల్లపొడి వేసి వండినవి సార్. మెరుస్తాయని మండీలో అవే అడుగుతారు. కిందుండేవి మా నాయన మాకోసం వండుకునేవి. మామ మంచివి పైన పెట్టినాననుకున్నాడు. మంచివి కిందుండాయి."

నేను గోడ వైపు తిరిగాను. ఆపుతుందేమో అనుకుంటే ఆపలేదు.

"చీమలకి తెలుసు సార్. రెండూ పక్కపక్కన పెట్టి సూసినాను. అవి నల్లదాని మీదికే పోయినాయి. దూరం నుంచే వాసన పడతాయా, రెండూ రుచి సూసి పోతాయా అనేది ఇంకా తేల్లా. కాలేజీలో అడిగితే అది పాఠంలో లేదన్నారు."

"ఎట్లా తేలుస్తావు?" అన్నారాయన. అని, అమ్మా అని మూలిగారు.

రేణిగుంట: గేటు పడింది

లాడ్జిలో గుండ్లన్నీ పోగయ్యాయి. ఇంత పెద్ద ఊరు, ఆసుపత్రి కూడా ఉంది, అయినా ఒక్కడూ దాని పేరెత్తలేదు. అందరిదీ ఒకటే మాట: పుత్తూరు. మా జిల్లాలో ఎముక విరిగితే పుత్తూరుకే. వేరే చోట కట్టించుకున్నవాడు కూడా తర్వాత అనుమానంతో పుత్తూరు వెళ్ళి చూపించుకుని వస్తాడు. వరదరాజన్ గారు అమెరికాలో చదివిన మనిషిని, ఆకుపసరు కట్టించుకోవడం ఏమిటని గొణిగారు. కమలమ్మ గారు అప్పటికే అంబాసిడర్ కారు మాట్లాడేశారు. ఎటూ మద్రాసు దారిలోనే ఉంది కదా అన్నారు. దొర్లిన ఉండల్లో నల్లవి మాత్రం ఏరుకుని తన సంచిలో వేసుకున్నారు కూడా. బంగారు ఉండలు వరండాలోనే ఉండిపోయాయి. వాటిని చీమలైనా తీసుకున్నాయో లేదో.

రమ్మని మమ్మల్ని ఎవరూ పిలవలేదు. వనజ అప్పటికే ఆయన చేతి కింద దిండు పెట్టి పట్టుకుని ఉంది, అది ఎక్కితే నేనూ ఎక్కాను. చెయ్యి విరిచినవాడు ముందు సీట్లో, విరిగినవారు వెనక సీట్లో. రేణిగుంటలో రైలు గేటు పడింది. జామకాయలమ్మే ఆమె కిటికీలోంచి తొంగి చూసి, ఆ సారు చేతిని, ఈ పిల్ల పట్టుచీరని చూసి, పాపం పెండ్లిలో కొట్టుకున్నారా అని అడిగి రెండు కాయలు ఎక్కువ వేసింది.

గూడ్సుబండి ఎంతకీ తరగడం లేదు. నేను ధైర్యం చేసి వెనక్కి తిరిగి, సార్, ఆ కాలేజీకి రాయాల్సింది ఎప్పటిలోగా అని అడిగాను. ఈ వారంలోనే అన్నారు. ఏ చేత్తో రాస్తారు సార్ అన్నాను. ఆయన తన కుడిచేతిని చూశారు, తర్వాత నన్ను చూశారు. కారులో అందరూ నన్నే చూశారు, డ్రైవరుతో సహా.

వేలమందిలో ఒకటో రెండో వేలు కావాలని బయల్దేరినవాణ్ణి. రాసే వేళ్ళు అయిదింటినీ కట్టు కట్టించడానికి పుత్తూరుకి తీసుకుపోతున్నాను.

పుత్తూరు: కట్టు

కట్టు కట్టే చోట పెద్ద షెడ్డు, బెంచీలు. మునగచెట్టెక్కిన ముసలాయన, సైకిలు మీద పొట్టేలు గుద్దిన పోస్టుమాను, కాలు విరిగిన ఒక మేకపిల్ల, అందరూ ఒకే వరస. ఎవరి చేతిలో చూసినా కోడిగుడ్లు. ఆకుపసరులో తెల్లసొన కలిపి పూసి, పైన వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుడతారు. బయట గుడ్లమ్మేవాడి వ్యాపారం చూసి నా వృత్తి మీద నాకే విరక్తి కలిగింది. బేరమే ఆడరు, విరిగినవాడు ఎప్పుడైనా బేరం ఆడతాడా?

గుడ్డు అనేసరికి వరదరాజన్ గారు లేచి నిలబడ్డారు. నిన్ననే స్వామి దర్శనం, నుదుట నామం, తలలు నెరిసినా ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రాని నిష్ఠ. కమలమ్మ గారు తలకాయ పక్కకి తిప్పుకుని, చేతికే కదా, నోటికి కాదు కదా, కూర్చోండి అన్నారు.

కట్టే పెద్దాయన మణికట్టుని రెండు వేళ్ళతో నిమిరాడు. లాగితే గానీ ఎముక దాని చోటికి రాదు, ఈయనేమో చేతిని రాయిలా బిగించేశారు. "ఎవురన్నా ఆయప్పతో మాట్లాడతా ఉండండప్పా. మనిషి ధ్యాస మాట మీద ఉంటే సెయ్యి మెత్తబడతాది" అన్నాడు పెద్దాయన. అక్కడ అదే పద్ధతి. లాగేటప్పుడు వెంట వచ్చినవాళ్ళు కబుర్లు చెప్పాలి.

కబుర్లంటే నేనే కదా. ముందుకి జరిగి, సార్, మా ఊళ్ళో ఒకడు ఇట్నే పడితే, అని మొదలుపెట్టాను. ఆయన మోచేయి దాకా బిగుసుకుపోయింది.

"నువ్వు గమ్మునుండప్పా" అన్నాడు పెద్దాయన. "నిన్ను సూస్తానే ఆయప్ప నరాలు ముడేసుకుంటా ఉండాయి."

వనజ వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. తల వంచలేదు.

"సార్, ఆడికి పోయిన మొదటి దినం మీకు బయమేసిందా?"

వేసిందన్నారాయన. రైలు దిగేసరికి మంచు, కాళ్ళకి చెప్పులే. మంచులో చెప్పులతో ఎట్లా నడిచినారని అడిగింది. ముసలి వాచ్‌మన్ ఒకడు తన బూట్లు ఇచ్చాడట. మరి ఆయనేం వేసుకున్నాడు అంది. ఆయన ఆగిపోయి, అది తనకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ తట్టలేదన్నారు. క్లాసులో ఎక్కువ ప్రశ్నలు అడిగితే విసుక్కుంటారా అని అడిగింది. అడక్కపోతే విసుక్కుంటారన్నారు. పెద్దాయన వేళ్ళు నెమ్మదిగా మణికట్టు చుట్టూ సర్దుకుంటున్నాయి.

"మొదటి దినం ఏం తిన్నారు సార్? మాయమ్మకి అదే దిగులు."

"మెస్సులో నాకు ఏదీ తెలీదు కదమ్మా. ముందువాడు దేన్ని చూపిస్తే నేనూ దాన్నే చూపించినాను. ఒకామె పళ్ళెంలో వేసింది. పచ్చగా, మెత్తగా, పైన మిరియాలు. ఎంత బాగుండిందంటే, ఇంకోటి అడిగి తిన్నాను. తర్వాత తెలిసింది అది ఆమ్లె..."

ఆ మాట పూర్తయ్యేలోపే పెద్దాయన లాగాడు. ఎముక కూర్చున్న చప్పుడు, ఆయన కేక, రెండూ ఒకేసారి వచ్చాయి. మేకపిల్ల కూడా నోరు మూసుకుంది. అందరం కమలమ్మ గారి వైపు చూశాం. అమెరికాలో ఉన్న నాలుగేళ్ళూ రొట్టె, పాలు తప్ప ముట్టలేదని చెప్పి ఆమెని పెళ్ళాడిన మనిషి ఆయన.

ఆమె తీరిగ్గా సంచిలోంచి చెంబు తీసి నీళ్ళు తాగారు. "అయితే ఇంకేం. పూయండి నాయనా, ఆ చేతికి గుడ్డు పాత చుట్టమే" అన్నారు.

కట్టు ఆరేదాకా బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టారు. నేను దూరంగా, గుడ్లవాడి పక్కన కూర్చున్నాను. మళ్ళీ దేన్నైనా తన్నేస్తానని వాడు బుట్టని అవతలికి జరుపుకున్నాడు. అక్కణ్ణించే విన్నాను. ఆయన వనజని అడిగారు: ఇక్కడే చదువుకోవచ్చు కదా, అంత దూరం ఎందుకు?

"ఈడ నేనేమడిగినా 'అది నీకెందుకే' అంటారు సార్. ఆడ అనరేమోనని."

ఆ మాట మీద మా ఇంట్లో ముఖ్యమైన హక్కుదారుణ్ణి నేనే. గుడ్లవాడితో ధరలు మాట్లాడుతున్నట్టు నటించాను.

ఆయన కట్టు చేతిని ఒళ్ళోకి సర్దుకున్నారు. తర్వాత, చీమల సంగతి ఎట్లా తేలుస్తావో చెప్పలేదు నువ్వు అన్నారు. వనజ పుల్ల తీసుకుని మట్టిలో గీతలు గీయడం మొదలుపెట్టింది. ఇక్కడ నల్లది, ఇక్కడ మెరిసేది, మధ్యలో నీళ్ళు, గాలి ఇటునుంచి. గాలి అటునుంచి వస్తేనో అన్నారాయన. అప్పుడు అటువైపు కూడా చూడాలి సార్ అంది. ఆ గుండు, ఆ కనకాంబరాలు రెండూ మట్టి మీదికి వంగి ఉండగా కమలమ్మ గారు కాగితం, పెన్ను తీశారు.

"మీరు చెప్పండి, నేను రాస్తాను. మీరు మర్చిపోయింది నేను కలుపుతాను" అన్నారు. వనజ వైపు చూసి, "పాట రాదన్నావు గానీ తల్లీ, ఇన్నేళ్ళుగా నేను పాడించలేని పాట ఈయన చేత పాడించినావు" అన్నారు.

తిరుగు దారి

వాళ్ళ కారు మద్రాసు వైపు వెళ్ళింది. మేం చిత్తూరు బస్సెక్కాం. పట్టుచీరకి గుడ్డుసొన అంటింది, అక్క నన్ను చంపుతుంది. సీటు వస్తుందో రాదో ఆయన చెప్పలేదు. రాసేది తాను, తీసుకునేది వాళ్ళు, వేలల్లో ఒకటో రెండో అన్న లెక్క మారదు, ఆశ పెట్టుకో గానీ అరటాకు మాత్రం వేసుకోకు అన్నారు. నిజం చెప్పే పెద్దమనిషి.

దారి పొడుగునా వనజ మాట్లాడుతూనే ఉంది. మామిడి పూతలో కాయ కట్టేది ఎంత, రాలేది ఎంత, రాలేదాన్ని చెట్టే వదిలేస్తుందా, గాలి లాగుతుందా అని అడిగింది. అది నీ... అని నోటి దాకా వచ్చింది. మింగి, తెలీదే అన్నాను. ఇరవయ్యేళ్ళు మామిడి వ్యాపారం చేసి తెలీదా మామా అంది. మింగింది మళ్ళీ పైకి రాబోయింది.

ఆవకాయ రోజుల్లో కబురు వచ్చింది. ఆ వేళ్ళలో ఒక వేలు మా వనజే, ఖర్చంతా కాలేజీదే. ఆయన కట్టు విప్పేశారనీ, చెయ్యి మునుపటికంటే బాగుందనీ, ఇంట్లో మాత్రం ఇప్పటికీ ఏది వడ్డించినా ముందు ఇది మీరక్కడ తిన్నదేనా అని తాను అడుగుతున్నాననీ కమలమ్మ గారు రాశారు.

ఇంకేముంది, బంగారుపాళ్యం నుంచి చిత్తూరు మండీ దాకా నా కథే. గుమ్మంలో గంప పెట్టే తెలివి ఎవరికుంటుంది? నేనా చెయ్యి విరగ్గొట్టకపోతే ఆ పిల్ల నోరు తెరిచేదా, ఈ సీటు వచ్చేదా? ఒకరోజు గానుగ దగ్గర పదిమంది ముందు ఇదే చెప్తుంటే, వనజ పక్కనే చేటలో వేరుశనక్కాయలు చెరుగుతోంది. తల ఎత్తకుండానే అంది:

"ఇరగ్గొట్టేటోళ్ళు ఊరికి పదిమంది ఉంటారు మామా. జనం బస్సెక్కి పుత్తూరుకు పోయేది కట్టు కట్టేటోళ్ళ కోసం."